తువాలు కట్టుకున్న నాయకత్వం: సంఘంలో కొత్తగా బాధ్యత తీసుకున్నవారికి అడుగడుగునా మార్గదర్శి

మీ సంఘంలో మిమ్మల్ని పెద్దగానో, యూత్ లీడర్‌గానో, స్త్రీల సమాజం కార్యదర్శిగానో, గృహ కూడిక నడిపించే బాధ్యతకో ఎన్నుకున్నారు అనుకుందాం. ఆదివారం ఆరాధన అయ్యాక ముందుకు పిలిచారు, పాస్టర్ అయ్యగారు తలమీద చేయి పెట్టి ప్రార్థన చేశారు, నలుగురూ వచ్చి వందనాలు చెప్పారు. సోమవారం నుంచి ఏం చేయాలో మాత్రం చాలా సంఘాల్లో ఎవరూ చెప్పరు. ఈ వ్యాసం ఆ సోమవారం కోసం.

నాయకుడు పరిచర్య చేయాలి అన్న మాట ప్రసంగాల్లో తరచూ వింటాం. విన్నప్పుడు మనసు కరుగుతుంది, ఇంటికి వెళ్ళేసరికి మర్చిపోతాం. దాన్ని ఒక మంచి గుణంగా చెప్తారే తప్ప చేయాల్సిన పనిగా చెప్పరు కాబట్టే అలా జరుగుతుందని నేను అనుకుంటాను. వినయం మనసులో ఉంటే చాలదు, సంఘం నడిచే ఏర్పాట్లలో కనబడాలి. కుర్చీలు ఎవరు వేస్తున్నారు, కానుకలు ఎవరు లెక్కపెడుతున్నారు, మీటింగ్‌లో ముందు ఎవరు మాట్లాడుతున్నారు, ఆస్పత్రిలో రాత్రి ఎవరు ఉంటున్నారు, భోజనాల్లో ఎవరు చివర తింటున్నారు అన్నవి చూడండి. నాయకత్వం ఎలాంటిదో అక్కడ తెలిసిపోతుంది.

మొదటి అడుగు: యేసు ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన రాత్రి జరిగినదాన్ని నిదానంగా చదవండి

మొదటి వారం ఏ పనీ మొదలుపెట్టకండి. మార్కు 10:35-45, లూకా 22:24-27, యోహాను 13:1-17 వరసగా చదవండి.

మార్కులో యాకోబు, యోహాను వచ్చి మహిమలో కుడివైపు ఒకరికి, ఎడమవైపు ఒకరికి చోటు అడుగుతారు. మిగతా పదిమందికి కోపం వస్తుంది. లోకంలో అధికారులు జనం మీద పెత్తనం చేస్తారని చెప్పి, యేసు ప్రభువు "మీలో ఆలాగుండకూడదు" అన్నారు. లూకా రాసింది చదివితే ఇంకా బాధేస్తుంది. రొట్టె విరిచి ఇచ్చిన ఆ భోజనం దగ్గరే, తమలో ఎవరు గొప్ప అని శిష్యులు వాదులాడుకున్నారు. కమిటీ ఎన్నికల్లో అరుపులు విని సంఘం మీదే విరక్తి పుట్టిందనేవాళ్ళకు నేను ఈ భాగం చూపిస్తాను. ఈ జబ్బు కొత్తది కాదు. ఆయన దాన్ని కళ్ళారా చూసి కూడా వాళ్ళను వదిలిపెట్టలేదు.

యోహాను 13లో 3వ వచనం దగ్గర ఆగండి. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించాడని ఎరిగి ఆయన భోజనం దగ్గర నుంచి లేచారు, పైవస్త్రం తీసి పక్కన పెట్టారు, తువాలు నడుముకు కట్టుకుని శిష్యుల కాళ్ళు కడిగారు. అధికారం లేక కాళ్ళు కడగలేదు, ఉందని తెలిసే కడిగారు. కాబట్టి పరిచర్య అంటే అందరికీ తలూపుతూ ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఉండడం కాదు. దేవాలయంలో రూకలు మార్చేవాళ్ళ బల్లలు పడదోసిందీ ఆయనే, పేతురును గద్దించిందీ ఆయనే.

ఆ కాళ్ళలో ఆయన్ని అప్పగించబోతున్న యూదా కాళ్ళు కూడా ఉన్నాయి. 2వ వచనంలో అతని ఆలోచన ఏమిటో చెప్పాకే, 4వ వచనంలో ఆయన లేచారు. కమిటీలో మిమ్మల్ని వ్యతిరేకించిన మనిషి ఇంట్లో జబ్బు చేస్తే మీరు వెళ్తారా లేదా అన్నది ఇక్కడే తేలిపోవాలి. ఇక తన కాళ్ళు కడగవద్దన్న పేతురుకు వేరొకరి చేత సేవ చేయించుకోవడం చేతకాలేదు. చాలామంది నాయకులకూ చేతకాదు. మీకు జ్వరం వస్తే ఎవరైనా జావ కాచి తెస్తే వద్దనకండి.

దీనికి తోడు 1 రాజులు 12వ అధ్యాయం చదవండి. సొలొమోను పోయాక రెహబాము పెద్దవాళ్ళ సలహా అడిగాడు. నువ్వు ఈ రోజు ఈ జనానికి దాసుడివై, మంచి మాటలు చెబితే వాళ్ళు ఎప్పటికీ నీకు దాసులై ఉంటారని వాళ్ళు చెప్పారు. అతను ఆ మాట తోసేసి, తనతో పెరిగిన కుర్రాళ్ళ మాట విన్నాడు. పది గోత్రాలు చేజారిపోయాయి. సంఘాలు ఎందుకు చీలుతాయో ఆ ఒక్క అధ్యాయంలో ఉంది.

ఐటీ కంపెనీల ట్రైనింగుల్లో వినే "సర్వెంట్ లీడర్‌షిప్" (సేవక నాయకత్వం) అన్న మాటను 1970లో రాబర్ట్ గ్రీన్‌లీఫ్ అనే అమెరికన్ ఒక వ్యాసంలో వాడి ప్రచారంలోకి తెచ్చాడు. అతను పెట్టిన పరీక్ష మనకూ పనికొస్తుంది: మీ సేవ అందుకున్నవాళ్ళు మనుషులుగా ఎదుగుతున్నారా, అందరికంటే వెనకబడ్డవాళ్ళకు దానివల్ల మేలు జరుగుతోందా? తేడా ఏమిటంటే, మనకు ఇది నాయకత్వ పద్ధతుల్లో ఒకటి కాదు, ప్రభువు ఆజ్ఞ.

రెండో అడుగు: ఎవరికి అందడం లేదో రాసుకోండి

అపొస్తలుల కార్యాలు 6లో మొదటి సంఘానికి వచ్చిన గొడవ అన్నం గురించే. గ్రీకు భాష మాట్లాడే యూదుల్లోని విధవరాండ్రకు రోజూ పంచే భోజనం సరిగా అందలేదు. వాళ్ళు సణిగారు. అపొస్తలులు ఆ సణుగుడును అవిశ్వాసం అనలేదు, తిరుగుబాటు అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే నష్టపోయినవాళ్ళ వైపు మనుషుల చేతికే పంపకం అప్పగించినట్టు కనిపిస్తుంది. నాకు బైబిల్లో నాయకత్వం గురించి ఇంతకంటే ఉపయోగపడే ఆరు వచనాలు లేవు.

మీ సభ్యుల పుస్తకం తీసుకుని ఒక సాయంత్రం కూర్చోండి. గత రెండు నెలల్లో ఆరాధనకు రానివాళ్ళు ఎవరు? వచ్చినా భోజనానికి ఆగకుండా వెళ్ళిపోయేవాళ్ళు ఎవరు? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా వాక్యం చదవమని, ప్రార్థన చేయమని అడగనివాళ్ళు ఎవరు? ఈ మూడు పట్టికలూ రాయండి. ఒకే పేరు మూడింటిలోనూ వస్తే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

హైదరాబాద్‌లో ఒకే సంఘంలో మాదాపూర్‌లో పనిచేసే ఇంజినీరూ ఉంటారు, అలాంటివాళ్ళు ఉండే అపార్ట్‌మెంట్‌లోనే వాచ్‌మన్‌గా ఉండే కుటుంబమూ ఉంటుంది. ఇళ్ళల్లో పనిచేసే అక్కలకు ఆదివారం సెలవు కాదు, ఆ రోజే యజమానుల ఇంటికి చుట్టాలొస్తారు, గిన్నెలు ఎక్కువ పడతాయి. పదింటి ఆరాధనకు వాళ్ళు రాలేరు. నైట్ షిఫ్ట్ చేసి తెల్లవారి ఇంటికి చేరిన కుర్రాడు పన్నెండు దాకా లేవలేడు. అద్దె పెరిగి ముషీరాబాద్ నుంచి బోడుప్పల్ అవతలికి మారిన కుటుంబానికి బస్సు చార్జీలే భారం. మోకాళ్ళు నొప్పులున్న పెద్దమ్మకు మన మూడో అంతస్తు హాలు మెట్లు ఎక్కడం కుదరదు. వీళ్ళందరినీ మనం "ఆత్మీయంగా చల్లబడ్డారు" అనేస్తాం. చల్లబడింది వాళ్ళు కాదు, వాళ్ళు రాలేని ఏర్పాటు మనం చేశాం.

అందుకని మూడు నెలల్లో ఒక్క ఏర్పాటు మార్చండి. పనిమనుషుల కోసం సాయంత్రం ఏడింటికి వాళ్ళ బస్తీలోనే ఒక కూడిక పెట్టొచ్చు, లేదా నెలకోసారి ప్రభు బల్ల కింద అంతస్తులో జరపొచ్చు. ఏ రోజు, ఎన్నింటికి, ఎవరింట్లో అన్నది వాళ్ళనే అడగండి. కూడిక నడిపించే బాధ్యత కూడా వాళ్ళలో ఒకరికే ఇవ్వండి. ఏడు గ్రీకు పేర్ల అర్థం అదే.

మూడో అడుగు: ఎవరికీ కనబడని పని ఒకటి ఎంచుకోండి

చెప్పులు సర్దడం, టాయిలెట్ కడగడం, మైకు వైర్లు చుట్టడం, ప్రేమ విందు తర్వాత గిన్నెలు తోమడం. వీటిలో ఒకటి ఎంచుకుని కనీసం మూడు నెలలు వదలకుండా చేయండి. ఎవరికీ చెప్పకండి, ఫోటో తీయించుకోకండి. అన్నింటికంటే ముఖ్యం, ఆ పని ఇప్పటికే చేస్తున్న మనిషి దగ్గరకు వెళ్ళి "ఏం చేయాలో చెప్పమ్మా, చేస్తాను" అనండి. వాళ్ళను పక్కకు తప్పించి మీరు చేయడం కాదు, వాళ్ళ చేతి కింద పనిచేయడం.

ఇది ఎలా ఉంటుందో చెప్తాను. క్రిస్మస్ తర్వాతి ఆదివారం విందులో బగారా అన్నం వండిన పెద్ద గిన్నె అడుగు మాడిపోతుంది. దాన్ని వెంటనే తోమితే రాదు. ముందు గరిటెతో గీకి, వేడినీళ్ళు పోసి, అరగంట నాననిచ్చి, అప్పుడు స్టీల్ పీచు పట్టాలి. ఈ సంగతి ప్రసంగం చేసేవాళ్ళకు తెలియదు, ఏళ్ళ తరబడి ఆ గిన్నెలు తోమిన అక్కకు తెలుసు. ఆమె మీకు నేర్పుతూ కూర్చున్న ఆ అరగంటలో తన కొడుకు ఫీజు సంగతి చెబుతుంది, ఇంటాయన తాగుడు సంగతి చెబుతుంది. ఆఫీసు గదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగితే ఆమె నోరు తెరవదు.

ఇంకో పని ఆస్పత్రిలో రాత్రి తోడుండడం. గాంధీలో, నిమ్స్‌లో, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో చేరినవాళ్ళలో చాలామంది జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. తోడున్న మనిషికి వరసగా మూడు నాలుగు రాత్రులు నిద్ర ఉండదు. మనం సాయంత్రం పండ్లు పట్టుకెళ్ళి, ప్రార్థన చేసి, పావుగంటలో బయటపడతాం. దానికి బదులు చాప, దుప్పటి, నీళ్ళ సీసా, ఫోన్ చార్జర్ పట్టుకుని రాత్రి తొమ్మిదింటికి వెళ్ళి, "మీరు మా ఇంటికెళ్ళి స్నానం చేసి పడుకోండమ్మా, పొద్దున దాకా నేనుంటాను" అనండి. వార్డు సిస్టర్‌కు చెప్పి, మందుల చీటీ ఎక్కడుందో, ఏ టైముకు ఏ మాత్ర ఇవ్వాలో రాసుకోండి. ఆడ వార్డుకు ఆడవాళ్ళే వెళ్ళాలి. సంఘంలో ఆరుగురు ఒప్పుకుంటే వారానికొక రాత్రి చొప్పున ఏ ఒక్కరి మీదా భారం పడకుండా నడుస్తుంది.

గుడ్ ఫ్రైడే ముందు రోజైన పెద్ద గురువారం నాడు పాదాలు కడిగే ఆచారం ఉన్న సంఘమైతే, ఎవరి పాదాలు కడుగుతున్నారో ఆలోచించండి. 2013 మార్చి 28న పోప్ ఫ్రాన్సిస్ రోమ్‌లోని బాల నేరస్తుల జైలుకు వెళ్ళి పన్నెండుమంది పాదాలు కడిగారు. వాళ్ళలో ఆడపిల్లలున్నారు, ముస్లింలున్నారు. తర్వాత 2016లో ఆ ఆచారంలో స్త్రీలను కూడా చేర్చుకోవచ్చని కతోలిక సంఘం నియమమే మార్చింది. మన దగ్గర కమిటీ సభ్యుల పాదాలే కడుగుతుంటే, వచ్చే ఏడాదికి ఆ పట్టిక మార్చండి.

నాలుగో అడుగు: ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో చూడండి

తెలుగు సంఘంలో కులం గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా పెళ్ళి సంబంధాల్లో, కమిటీ పదవుల్లో, ఒక్కోచోట సమాధుల స్థలాల్లో కూడా కులం కూర్చునే ఉంది. దాన్ని ప్రసంగంలో ఖండించడం తేలిక. ఏర్పాటులో తీసేయడం కష్టం, అది నాయకుడి పని.

ఈ గడ్డ మీద ఇలా చేసినవాళ్ళున్నారు. పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన భక్త్ సింగ్, కెనడాలో చదువుకునే రోజుల్లో క్రీస్తును నమ్మి, తర్వాత మన హైదరాబాద్ నగరానికి వచ్చి గోల్కొండ చౌరస్తా దగ్గర హెబ్రోను అనే మందిరం కేంద్రంగా సేవ చేశారు. 2000 సెప్టెంబర్ 17న ఇక్కడే కన్నుమూశారు. ఆ సహవాసాల్లో అందరూ కింద చాపల మీదే కూర్చునేవారు, ఆరాధన తర్వాత అందరూ కలిసి ప్రేమ విందు తినేవారు. పెద్ద ఆఫీసరూ, రిక్షా తొక్కే అన్నా ఒకే వరసలో కూర్చునే వీలు ఆ చాపలోనే ఉంది. నేల మీద కూర్చున్నప్పుడు ముందు కుర్చీ కోసం పోటీ ఉండదు.

దానికి ముందు నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వి.ఎస్. అజరయ్య వచ్చారు. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడు, తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొట్టమొదటి భారతీయుడు ఆయన. ఆ ప్రాంతంలో సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లదొరల ముందు నిలబడి, మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అని అడిగారు. పై నుంచి దయ చూపించడం వేరు, పక్కన కూర్చోవడం వేరు అని ఆయనకు తెలుసు.

ఇప్పుడు మీరు చేయగలిగినవి చెప్తాను. వేదిక మీద కుర్చీలు తగ్గించండి, వాక్యం చెప్పేవాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు అక్కడ పనిలేదు. బంతి భోజనంలో పెద్దలు వడ్డించి, చివరి బంతిలో వంటవాళ్ళతో కలిసి తినాలి. పండుగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌కు ఎమ్మెల్యే గారు వస్తే గౌరవించండి, కానీ ఆయన కోసం ముందు వరసలోని ముసలమ్మను లేపకండి. యాకోబు పత్రిక 2వ అధ్యాయంలో బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు, మాసిన బట్టల పేదవాడికి కాళ్ళ దగ్గర చోటు ఇచ్చిన సంగతి అచ్చం ఇదే. శాలువాలు, ఫ్లెక్సీల ఖర్చు ఒక ఏడాది ఆపి చూడండి. మీ ఇంట్లో పెళ్ళి సంబంధం మాట వచ్చినప్పుడు మీరు ఏం మాట్లాడుతున్నారో పిల్లలు వింటారు, ఆ తర్వాత సంఘానికీ తెలుస్తుంది.

సాయం చేసేటప్పుడు అవతలివాళ్ళ పరువు కాపాడడం కూడా ఇందులో భాగమే. మెదక్‌లో చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. కరువులో ఆకలితో ఉన్న జనానికి ఆ కట్టుబడిలో పని ఇచ్చి అన్నం దొరికేలా చేశారని మెదక్ వెళ్ళిన ప్రతివాళ్ళూ వింటారు. వాళ్ళు చేయి చాచి తీసుకోలేదు, పనిచేసి తీసుకున్నారు. దుప్పట్లు పంచి, అందుకున్నవాళ్ళను వరసగా నిలబెట్టి ఫోటోలు తీసే పద్ధతి మీ సంఘంలో ఉంటే ఈ డిసెంబర్‌లో ఆపేయండి. ఫీజు కట్టాల్సిన పిల్లాడి కోసమైతే డబ్బు నేరుగా స్కూలుకే కట్టి, రసీదు తల్లి చేతిలో పెట్టండి.

ఐదో అడుగు: ఇంటికి వెళ్ళండి, వినండి

ముందు ఫోన్ చేసి అడిగి వెళ్ళండి. ఇద్దరు కలిసి వెళ్ళండి. "ఏమీ చేయొద్దమ్మా, మంచినీళ్ళు చాలు" అని ముందే చెప్పండి, లేకపోతే అప్పు చేసైనా కూర వండుతారు. ఫోన్ జేబులో పెట్టేయండి. వెళ్ళగానే బైబిల్ తెరవకండి. ఒంట్లో ఎలా ఉంది, పిల్లల చదువు ఎలా ఉంది, పనిచోట ఎలా చూస్తున్నారు అని అడిగి ఊరుకోండి. వాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో వచనం చెప్పి సరిచేయకండి. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు తెరిచాకే పాడుచేశారు. ఆ ఇంట్లో కానుక తీసుకోకండి, ఇచ్చినా ఆదివారం పెట్టెలో వేయమనండి.

విన్నది మీ దగ్గరే ఉండాలి. భార్యాభర్తల గొడవ, కూతురి ప్రేమ, కొడుకు అప్పులు... ఇవి ప్రార్థన అంశాల పేరుతో వాట్సాప్ గ్రూపులోకి వచ్చేస్తుంటాయి. "ఒక సహోదరి కుటుంబం కోసం ప్రార్థించండి" అని రాసినా ఎవరో అందరికీ అర్థమైపోతుంది. వాళ్ళ అనుమతి లేకుండా ఒక్క అక్షరం రాయకూడదని గ్రూపులో నియమం పెట్టండి. ఈ ఒక్క విషయంలో నమ్మకం పోతే మళ్ళీ రాదు.

ఆరో అడుగు: డబ్బు దగ్గర వెలుతురు ఉండాలి

యెరూషలేము పేదల కోసం పోగైన చందాను పౌలు ఒక్కడే మోసుకెళ్ళలేదు. తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్నవాళ్ళను కలిపాడు, దేవుని దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని 2 కొరింథీయులు 8లో కారణం రాశాడు. నెహెమ్యా పన్నెండేళ్ళు అధికారిగా ఉండి, తనకు రావలసిన భత్యం తీసుకోలేదు, జనం మీద భారం అప్పటికే ఎక్కువగా ఉందని. నమ్మకస్తుడిని కాబట్టి లెక్క అడగక్కర్లేదు అనేవాళ్ళు, వీళ్ళకంటే నమ్మకస్తులేమీ కారు.

ఆరాధన కాగానే, ఎవరూ ఇంటికి వెళ్ళకముందే, తలుపు తెరిచి ఉన్న గదిలో ముగ్గురు కూర్చుని కానుకలు లెక్కపెట్టాలి. ముగ్గురూ వేర్వేరు కుటుంబాలవాళ్ళు కావాలి. కాపరి గానీ ఆయన ఇంటివాళ్ళు గానీ ఆ ముగ్గురిలో ఉండకపోతే ఆయనకే మేలు. ఐదువందలు ఎన్ని, రెండువందలు ఎన్ని, వందలు ఎన్ని, చిల్లర ఎంత అని పుస్తకంలో రాసి, రెండోసారి ఇంకొకరు లెక్కపెట్టి, ముగ్గురూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకులో వేసి ఆ చీటీ అదే పేజీకి అంటించండి. గోడకు పెట్టిన క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే కావాలి, ఎవరి సొంత ఫోన్ నంబరుదీ కాకూడదు. చాలా చిన్న సంఘాల్లో గొడవలు ఈ క్యూఆర్ కోడ్ దగ్గరే మొదలవుతున్నాయి.

నెలకోసారి జమా ఖర్చులు నోటీసు బోర్డు మీద పెట్టండి. ఎవరు ఎంత ఇచ్చారో మాత్రం చదవకండి. ఎవరి దశమభాగం (రాబడిలో పదో వంతు కానుక) ఎంతో పెద్దలకు కూడా తెలియకుండా ఉంటే ఇంకా మంచిది. తెలిస్తే తెలియకుండానే మాటలో తేడా వస్తుంది. విదేశీ పౌరులు, విదేశీ సంస్థలు ఇచ్చే డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేకుండా ముట్టకూడదు. అనుమతి ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచ్‌లోని ఖాతాలోకే రావాలి.

ఏడో అడుగు: మీటింగ్‌లో చివర మాట్లాడండి

పెద్ద ముందు మాట్లాడితే మిగతావాళ్ళు "అవును అయ్యగారూ" అంటారు, మీటింగ్ అయిపోతుంది. బల్ల చుట్టూ వయసులో చిన్నవాళ్ళతో మొదలుపెట్టి, ఆడవాళ్ళ మాట విని, చివర మీరు మాట్లాడండి. మీ అభిప్రాయం వీగిపోతే ఆ నిర్ణయాన్ని బయట మీదిగానే చెప్పండి, "నేనైతే వద్దన్నాను" అనకండి.

తప్పు చేసినవాళ్ళను సరిదిద్దడం కూడా పరిచర్యే. ముందు ఒంటరిగా మాట్లాడమని మత్తయి 18లో ఉంది, పులుపిట (ప్రసంగ వేదిక) నుంచి పేరు చెప్పకుండా పొడవడం అందులో లేదు. కానీ పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే అది సంఘంలో కూర్చోబెట్టి సర్దుబాటు చేసే విషయం కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే అదే నేరం. పిల్లల సహాయం కోసం 1098 ఫోన్ నంబరు ఉంది. సంఘం పరువు పోతుందని దాచిపెట్టే నాయకుడు ఆ బిడ్డను వదిలేసినట్టే. సండే స్కూల్ తరగతిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండేలా మొదటి నెలలోనే ఏర్పాటు చేయండి.

ఎనిమిదో అడుగు: మీ ఇంటివాళ్ళను అరగదీయకండి

సేవ పేరుతో భార్యాపిల్లల్ని మర్చిపోయినవాళ్ళు మన నగరంలో తక్కువేమీ లేరు. మోషే పొద్దుట్నుంచి సాయంత్రం దాకా తగవులు తీరుస్తుంటే మామ యిత్రో వచ్చి, నువ్వు చేసేది మంచిది కాదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కరిని పెట్టమన్నాడు. మీరు చేస్తున్న పనులు రాసి, వాటిలో సగం ఇంకెవరు చేయగలరో పక్కన పేరు రాయండి. వారంలో ఒక సాయంత్రం ఫోన్ తీయనని సంఘానికే చెప్పండి.

కాపరి భార్య గురించి ఒక మాట. మనం అమ్మగారు అంటాం. వచ్చినవాళ్ళందరికీ టీ, స్త్రీల కూడిక, ఏడ్చేవాళ్ళకు ఓదార్పు అన్నీ ఆమె మీద వేస్తాం. జీతం ఉండదు, సెలవు ఉండదు, కాదనే హక్కు ఉండదు. ఒకరి మీదే సేవంతా మోపి మిగతావాళ్ళు కూర్చుంటే అది క్రీస్తు చూపించిన పద్ధతి కాదు. ఒకరి పాదాలు ఒకరు కడగాలని ఆయన అందరితో అన్నారు.

తొమ్మిదో అడుగు: మొదటి రోజు నుంచే అప్పగించడం మొదలుపెట్టండి

యెరూషలేములో అందరూ సౌలును (తర్వాత పౌలు అని పిలిచింది ఇతన్నే) చూసి భయపడుతుంటే బర్నబా అతని చేయి పట్టుకుని అపొస్తలుల దగ్గరకు తీసుకెళ్ళాడు. తర్వాత తార్సు దాకా వెళ్ళి వెతికి, అంతియొకయకు తెచ్చుకున్నాడు. మొదట్లో లేఖనంలో "బర్నబా, సౌలు" అని ఉంటుంది. కొంతదూరం వెళ్ళాక "పౌలు, బర్నబా" అవుతుంది. బర్నబా దానికి అడ్డుపడినట్టు ఎక్కడా లేదు. పౌలు వద్దన్న మార్కును కూడా అతనే వెంట తీసుకెళ్ళాడు. చివరి రోజుల్లో ఆ మార్కునే వెంటబెట్టుకు రమ్మని, అతను తన సేవకు ఉపయోగపడతాడని పౌలు తిమోతికి రాశాడు.

మీ పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో మొదటి మీటింగ్‌లోనే చెప్పండి, మినిట్స్‌లో రాయించండి. నిబంధనల్లో లేకపోతే మూడేళ్ళు అని మీరే పెట్టుకోండి. మీ బంధువు కాని ఒకరిని, వీలైతే మీకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళను పక్కన పెట్టుకోండి. మొదటి ఏడాది వాళ్ళు మీతో వచ్చి చూస్తారు. రెండో ఏడాది వాళ్ళు చేస్తుంటే మీరు పక్కన ఉంటారు. మూడో ఏడాది వాళ్ళు అడిగితేనే మీరు చెప్తారు. సంఘాన్ని ఇంటి ఆస్తిలా కొడుక్కి రాసిచ్చే పద్ధతి మన మధ్య పెరుగుతోంది. కొడుకుకు పిలుపు ఉండొచ్చు, కానీ దాన్ని గుర్తించాల్సింది సంఘం.

దిగిపోయే రోజున ఇవన్నీ అప్పగించండి: గది తాళాలు, బ్యాంకు సంతకం, కానుకల పుస్తకాలు, రిజిస్ట్రేషన్ కాగితాలు, సభ్యుల ఫోన్ నంబర్లు, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ హక్కు. సమాధుల స్థలం కోసం నారాయణగూడలోనో ఇంకెక్కడో ఎవరితో మాట్లాడాలో, అర్ధరాత్రి అంబులెన్సుకు ఎవరిని పిలవాలో కూడా కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ తర్వాత ఆరు నెలలు కమిటీ మీటింగులకు వెళ్ళకండి, కొత్తవాళ్ళ నిర్ణయం మీద ఎవరైనా మీ అభిప్రాయం అడిగితే వాళ్ళనే అడగమనండి. ఆదివారం మామూలు సభ్యుడిలా వచ్చి వెనక వరసలో కూర్చోండి, గిన్నెలు తోమే అక్కకు ఆ వారం మనిషి తక్కువైతే వెళ్ళి పీచు అందుకోండి.